కుంటి పెయ్యలో చెక్కగోడ

మా పబ్బు పేరు కుంటి పెయ్య. వీధిలోకి వేలాడే బోర్డు మీద ఒక కాలు ఎత్తి పట్టుకుని నిలబడ్డ ఎర్ర పెయ్య బొమ్మ ఉంటుంది. నా తుంటి పాడైన దగ్గర్నుంచీ ఆ బొమ్మ ఓల్వెన్ ట్రాంటర్‌దేనని ఊళ్ళో అందరూ అనడం మొదలుపెట్టారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. తర్వాత నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఈ ఇల్లు కట్టినవాడు ఎవడోగాని, బీరు గ్లాసులు మోసే మనిషికి కాళ్ళుంటాయన్న సంగతి వాడికి తట్టి ఉండదు. నల్లబడిన ఓక్ దూలాలు, వాటి మధ్య మట్టి పూసి సున్నం కొట్టిన గోడలు, వీధి మీదికి ముందుకు పొడుచుకొచ్చిన పై అంతస్తు. ఫోటోలు తీసుకోవడానికి వచ్చే దొరబాబులకి చూడముచ్చటగానే ఉంటుంది. పైన పడకగదిలో నేల ఎంత ఏటవాలుగా ఉంటుందంటే, మంచం కాళ్ళ కింద ఒకవైపు ఇటుకలు పెట్టకపోతే తెల్లారేసరికి కిటికీ దగ్గరికి చేరతాం. అదంతా అలవాటైపోయింది. అలవాటు కానిది కింద ఉన్న చెక్కగోడ ఒక్కటే.

ఒకప్పుడు కింద అంతా ఒకటే పెద్ద గది. ఎప్పుడో పూర్వం ఎవరో గొప్పవాళ్ళకి కూలివాళ్ళ పక్కన కూర్చుని తాగడం నామోషీ అనిపించి, గది మధ్యలో నిలువు చెక్కలతో అడ్డుగోడ కట్టించారు. ఇటువైపు బార్: పలకరాళ్ళ నేల, పీపాలు, కౌంటరు, బురద బూట్లు. అటువైపు పార్లర్: తివాచీ, కుర్చీలకి గుడ్డలు, గోడకి గంట మీట. రెండింటికీ వీధిలోకి వేరువేరు తలుపులు. చెక్కగోడకి మాత్రం ఎక్కడా తలుపు లేదు. ఉంటే ఇక గోడ దేనికి?

పార్లర్‌లో కూర్చున్న మనిషి తన బీరు తను తెచ్చుకోడు. గంట నొక్కుతాడు. అదే పీపా, అదే బీరు, గ్లాసుకి ఒక పెన్నీ మాత్రం ఎక్కువ ఇస్తాడు. ఆ పెన్నీకి నేను కౌంటరు వెనకనుంచి బయల్దేరి, పొయ్యిగోడ వెనక ఉన్న నడవలోకి రెండు మెట్లు దిగి, మళ్ళీ రెండు మెట్లు ఎక్కి, పళ్ళెం పట్టుకుని పార్లర్‌లోకి వెళ్ళాలి. ఆ నడవ ఒకప్పుడు పెరడు. పైన కప్పు వేశారుగాని, నేల ఎత్తు చెయ్యాలని ఎవరికీ బుద్ధి పుట్టలేదు. తిరుగు ప్రయాణం మళ్ళీ అంతే. నేను కౌంటరు దగ్గరికి వచ్చి నడుం పట్టుకునేలోగా గంట మళ్ళీ మోగుతుంది.

మా ఆయన సిరిల్ బతికున్నప్పుడు పార్లర్ ఆయన చూసుకునేవాడు, బార్ నేను చూసుకునేదాన్ని. ఆయన పోయాక రెండూ నా నెత్తిన పడ్డాయి. పనిమనిషిని పెట్టుకునేంత రాబడి లేదు. తుంటి ఆపరేషన్‌కి డాక్టరు నా పేరు వరసలో వేశాడు. ఆ వరసలో నా ముందున్నవాళ్ళు కదలరు, నేనూ కదల్లేను. ఇలాగే సాగితే వసంతంలో తాళాలు పబ్బు సొంతదారులైన బీరు కంపెనీవాళ్ళ చేతికిచ్చి, రిల్ అనే ఊళ్ళో మా చెల్లెలి ఇంట్లో వెనకగదిలో పడుండాలి. అది మంచిదేగాని, తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా దాని కుక్కలతో మాట్లాడాలంటే నాకు చావొచ్చినంత పనవుతుంది. నేను పుట్టింది ఈ వీధిలో. ఉంటే ఇక్కడే ఉండాలని నా పట్టుదల.

అందుకే ఆ శరత్కాలంలో బీరు కంపెనీ తరఫున విట్టల్ గారు కొలతల టేపు పట్టుకుని వచ్చినప్పుడు నాకు దేవుడే పంపినట్టనిపించింది.

"ఈ రోజుల్లో జనానికి గదులు గదులుగా కూర్చోవడం ఇష్టం లేదండీ మిసెస్ ట్రాంటర్," అన్నాడాయన, చెక్కగోడని వేళ్ళతో తడుతూ. "అన్ని ఊళ్ళలోనూ గోడలు తీసేసి ఒకటే హాలు చేసేస్తున్నాం. కౌంటరు దగ్గర నిలబడితే అందరూ మీ కళ్ళ ముందే ఉంటారు."

"జనం సంగతి నాకు తెలీదండీ. నా కాలికి మాత్రం చాలా ఇష్టం. ఎప్పుడు తీస్తారో చెప్పండి," అన్నాను.

పాత ఇల్లు కాబట్టి కౌన్సిల్‌వాళ్ళ అనుమతి కావాలన్నాడు. వాళ్ళ మనిషి వచ్చి చెక్క లోపలి భాగం చూడాలి. అందాకా ఊళ్ళో ఎవరికీ అభ్యంతరం లేకుండా చూసుకోమన్నాడు.

అభ్యంతరం చెబితే ఇద్దరే చెప్పాలి. ఏమోస్ గిటిన్స్, రెజ్ గిటిన్స్. ఒక తల్లి బిడ్డలు. ఏమోస్ జీవితమంతా పొలాలకి ముళ్ళకంచెలు అల్లాడు. చేతులు చూస్తే తెలుస్తుంది. రెజ్ స్టేషన్‌లో టికెట్లు అమ్మాడు. రిటైరైనా మెడకి టై లేకుండా గుమ్మం దాటడు. వాళ్ళ అమ్మ పోయినప్పుడు రెజ్ ఊళ్ళో లేడు. వస్తున్న రైలు మంచులో ఆగిపోయింది. పాస్టరుకి మరో చావు ఉందట, ఆగనన్నాడు. ఏమోస్ సరే కానివ్వమన్నాడు. రెజ్ వచ్చేసరికి మట్టి కప్పేశారు. ఆ రోజునుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. వీధిలో ఎదురైతే ఒకడు ఇటు తిరుగుతాడు, ఒకడు అటు తిరుగుతాడు.

అయినా ఇద్దరూ మా పబ్బుకే వచ్చేవారు. పబ్బు తెరవగానే ఏమోస్ వీధి తలుపులోంచి బార్‌లోకి వచ్చి, చెక్కగోడకి ఆనించి ఉన్న బల్ల మీద కూర్చునేవాడు. కాసేపటికి రెజ్ రెండో తలుపులోంచి పార్లర్‌లోకి వచ్చి, అదే గోడకి అవతల ఆనించిన బల్ల మీద కూర్చుని గంట నొక్కేవాడు. నేను రెండువైపులా తిరిగేదాన్ని కాబట్టి నాకు తెలుసు, ఇద్దరి వీపులకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క. రోజూ చూస్తున్నదే. ఇంట్లో గడియారాన్ని చూసినట్టు చూసేదాన్ని, అంతకంటే ఆలోచించలేదు.

ఇద్దరికీ విడివిడిగా చెప్పాను, గోడ తీసేస్తున్నారని. గొడవకి సిద్ధపడే వెళ్ళాను.

ఏమోస్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. "పబ్బు నువ్వు నడుపుతున్నావు. గోడ కంపెనీవాళ్ళది. మధ్యలో నాదేముంది పిల్లా?"

నాకు అరవై దాటినా అతనికి నేను పిల్లనే.

"ఎదురెదురుగా పడతారు మీరిద్దరూ. తర్వాత నన్ను తిట్టుకోకు."

"ఎవరిద్దరు?" అన్నాడు.

రెజ్ టై సర్దుకున్నాడు. "నాకు అభ్యంతరం ఎందుకుంటుందండీ మిసెస్ ట్రాంటర్? మీకు సౌకర్యంగా ఉంటే అంతే చాలు." తనూ గ్లాసులోకే చూశాడు.

నేను సంతోషంగా వెనక్కొచ్చాను. పెద్ద గండం గడిచిందనుకున్నాను. మా ఊరి మగాళ్ళు మనసులో మాట బయటపెట్టడం కంటే పన్ను పీకించుకోవడం నయమనుకుంటారని నాకు తెలుసు. తెలిసి కూడా వాళ్ళు అన్నది అన్నట్టే నమ్మాను. నమ్మితే నా కాలికి సుఖం కదా.

కంపెనీ వడ్రంగి వచ్చి, కౌన్సిల్ మనిషి చూడ్డానికని గోడలో ఒక చెక్క ఊడదీశాడు. ఏ చెక్క వదులుగా ఉందో అదే తీశాడు పాపం. ఎప్పుడూ మనుషుల వీపులు ఆనీ ఆనీ వదులైన చెక్క అది. రెండు బల్లలకీ సరిగ్గా మధ్యన, మనిషి కూర్చుంటే తల ఉండేచోట, అరచెయ్యంత వెడల్పు సందు పడింది. వారం చివర్లో కౌన్సిల్ మనిషి వచ్చేదాకా అలాగే ఉంచమని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఏమోస్ రోజూకంటే ఆలస్యంగా, రెజ్ కూర్చున్నాక వచ్చాడు. గ్లాసు తీసుకుని బల్ల దాకా వెళ్ళి నిలబడిపోయాడు. సందులోంచి అవతల రెజ్ మెడ, కాలరు, నెరిసిన వెంట్రుకలు కనబడుతున్నాయి. ఏమోస్ కాసేపు అలాగే చూసి, వెనక్కి తిరిగి, కిటికీ దగ్గర ఎవరో కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. నోరు తెరవలేదు.

ఏమోస్ నోరు తెరవకపోవడం మా పబ్బులో ఎవరూ ఎరగరు. మామూలుగా అతను మాట్లాడితే వీధి చివర వినబడుతుంది. "మేబెల్‌కి కళ్ళ ఆపరేషన్ శుక్రవారమట!" అని అరుస్తాడు. మేబెల్ అంటే వాళ్ళిద్దరి చెల్లెలు, వుల్వర్‌హాంప్టన్‌లో ఉంటుంది. "అమ్మ సమాధిరాయి మీద నాచు గీకేశాను, పేరు బాగా కనబడుతోంది!" అని అరుస్తాడు. పక్కనే కూర్చున్న మనిషికి చెప్పడానికి అంత గొంతెందుకని సిరిల్ చెవులు మూసుకునేవాడు.

గంట మోగింది. నేను మెట్లు దిగి, ఎక్కి, పార్లర్‌లోకి వెళ్ళేసరికి రెజ్ టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గాలి వస్తోందండీ," అన్నాడు. "నాకు చలిగాలి పడదు."

వెళ్ళిపోయాడు. గ్లాసులో సగం బీరు అలాగే ఉంది. తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర స్టూలు ఖాళీ. అక్కడా గ్లాసులో సగం బీరు. ఏమోస్ గిటిన్స్ గ్లాసులో చుక్క మిగల్చగా నేను చూసిన మొదటిరోజు అది.

మర్నాడు ఇద్దరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గంట మోగలేదు కాబట్టి నా కాలికి మంచి విశ్రాంతి దొరికింది. ఆ విశ్రాంతి నాకు వంటబట్టలేదు. కౌంటరు వెనక కూర్చుని ఆ సందుకేసి చూస్తూ ఉండిపోయాను. అప్పుడు నాకు మెల్లగా వెలిగింది. వెలిగాక ఒళ్ళు మండిపోయింది. ముందే ఒక్క ముక్క చెబితే ఏం పోయింది వీళ్ళ సొమ్ము?

కర్ర పట్టుకుని ఏమోస్ ఇంటికి వెళ్ళాను. అతను పెరట్లో కాబేజీ మడి దగ్గర ఏమీ చెయ్యకుండా నిలబడి ఉన్నాడు.

"ఆ సందు చూసి ఎందుకు పారిపోయావు?" అన్నాను.

"పారిపోవడమేంటి. చలిగాలి కొడుతోంది."

"మీ తమ్ముడూ అదే అన్నాడు. ఇద్దరికీ ఒకే గాలి కొట్టిందన్నమాట."

అతను బూటుతో మట్టిని నొక్కుతూ ఉన్నాడు. నేను కదలనని తెలిశాక అన్నాడు, "మేబెల్‌కి రెండో కంటికి కూడా చెయ్యాలన్నారు. వాడికి ఇప్పుడెవరు చెబుతారు?"

"నువ్వు అరిచేది ఊళ్ళోవాళ్ళకనుకున్నాను ఏమోస్."

"ఊళ్ళోవాళ్ళకి మేబెల్ కళ్ళతో ఏం పని?" అన్నాడు కోపంగా. "వాడికి కుడిచెవి సరిగ్గా వినపడదు. గట్టిగా చెప్పకపోతే ఎలా? ఎదురుగా వాడి మొహం చూస్తూ నేను చెప్పలేను. ఎన్నేళ్ళయినా చెప్పలేను. ఆ గోడ ఉంటే చెప్పగలను, అంతే."

"మరి నేనడిగినప్పుడు ఆ మాట చెప్పొచ్చుగా?"

"నీ కాలు చూస్తూ ఎలా చెప్పమంటావు?"

ఇంటికి వస్తున్న దారంతా నాలో నేను పోట్లాడుకుంటూనే ఉన్నాను. వాళ్ళ వీపుల కోసం నా తుంటి అరగదీసుకోవాలా? ఇద్దరు ముసలాళ్ళు ఎదురెదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోలేకపోతే అది నా తప్పా? నా తప్పు కాదు. గోడ తీయించుకునే హక్కు నాకుంది. నేనూ మనిషినే. ఇలా అన్నీ అనుకుంటూనే ఇంటికి వచ్చి, సుత్తి వెతికి, ఆ చెక్కని తెచ్చి సందులో పెట్టి మేకులు కొట్టేశాను. ఒక దెబ్బ బొటనవేలు మీద పడింది. సిరిల్ ఉంటే పడీ పడీ నవ్వేవాడు.

విట్టల్ గారికి ఫోన్ చేసి గోడ తియ్యొద్దన్నాను.

"కౌన్సిల్‌వాళ్ళు ఒప్పుకునేలా ఉన్నారండీ!" అన్నాడాయన. "మరి మీ కాలు?"

"అది నాతోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

"మళ్ళీ అడిగితే కంపెనీ ఒప్పుకోదు. వసంతందాకా మీరు నడపగలరని నాకు నమ్మకం లేదండీ, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు. నాకూ నమ్మకం లేదు.

చెక్క మళ్ళీ బిగించారని ఊళ్ళో ఎవరు చెప్పారోగాని, సోమవారం ఇద్దరూ వచ్చారు. ఏమోస్ బల్ల మీద వీపు ఆనించి, పైకప్పు ఎగిరిపోయేలా మేబెల్ రెండో కంటి సంగతి చెప్పాడు. గంట మోగింది. నేను వెళ్ళేసరికి రెజ్ ఎడమచెవి గోడకి ఆనించి కూర్చున్నాడు. నన్ను చూసి సర్దుకున్నాడు.

"ఇవాళ కాస్త ఆలస్యమైందండీ మిసెస్ ట్రాంటర్," అన్నాడు. ఆ గ్లాసు అతని నెత్తిన పొయ్యాలన్నంత కోపం వచ్చింది. గ్లాసు పెట్టి వచ్చేశాను.

చలికాలం అంతా అలాగే ఈడ్చుకొచ్చాను. పొద్దున లేస్తే మంచం దిగడానికే చాలాసేపు పట్టేది. క్రిస్మస్‌కి మెట్ల దగ్గర గోడ పట్టుకోకుండా దిగలేకపోయాను. జనవరిలో చెల్లెలికి చెప్పేశాను, వెనకగది సర్దమని. అది సంబరపడిపోయింది. కుక్కలకి కూడా చెప్పిందట.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గంట మోగింది. పళ్ళెం మీద గ్లాసు పెట్టుకుని నడవలోకి దిగాను. అటు ఎక్కబోతే కాలు లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాను. తుంటిలో కత్తి దిగినట్టయింది. బీరు ఒలకకుండా పళ్ళెం మెట్టు మీద పెట్టి, పక్కనే నేనూ కూలబడ్డాను. మెట్టు పైన పార్లర్ తలుపు తెరిచే ఉంది. రెజ్ నాకు కనబడుతున్నాడుగాని, అతను ఇటు చూడటం లేదు. గంట మళ్ళీ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. పిలిచే ఓపిక కూడా లేకపోయింది. అయిపోయిందిలే, ఇంక రేపే తాళాలు ఇచ్చేద్దాం అనుకున్నాను.

వెనక అడుగుల చప్పుడైంది. ఏమోస్.

"అటు గంట మోగుతూనే ఉంది. ఏం చేస్తున్నావిక్కడ?"

"కనబట్టం లేదా? చలికాచుకుంటున్నాను."

"లే."

"లేవలేను ఏమోస్."

అతను నన్ను చూశాడు, గ్లాసుని చూశాడు, పార్లర్ తలుపుకేసి చూశాడు. అతను పుట్టి బుద్ధెరిగాక ఆ గదిలో కాలు పెట్టి ఎరగడు. బురద బూట్లవాళ్ళు వెళ్ళే చోటు కాదది. అలా నిలబడి నిలబడి, వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుందేమో, చాలాసేపు పట్టింది. బూట్లు రెండూ నా పక్కన పెట్టి, గ్లాసు తీసుకుని, మేజోళ్ళతో మెట్లెక్కి తివాచీ మీద నడిచి వెళ్ళాడు.

రెజ్ తలెత్తాడు. చెయ్యి ఇంకా గంట మీటమీదే ఉంది.

ఏమోస్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఓల్వెన్‌కి కాలు బాగోలేదు," అన్నాడు. గోడ మీది పటంతో చెప్పినట్టు చెప్పాడు.

రెజ్ గంట మీట వదిలేశాడు. కిందికి చూశాడు. ఏమోస్ బొటనవేలు మేజోడులోంచి బయటికొచ్చి తివాచీ మీద ఉంది. రెజ్ దాన్నే చూస్తూ ఉన్నాడు.

"అది కుట్టించుకోవాలి," అన్నాడు చివరికి.

"ఎవరున్నారు కుట్టడానికి?" అన్నాడు ఏమోస్.

"నాకు కుట్టడం వచ్చు." రెజ్ చెయ్యి చాచాడు. "వదిలేసి వెళ్ళు. రేపు ఇస్తాను."

ఏమోస్ తివాచీ మీద ఒంటికాలి మీద నిలబడి, బల్ల అంచు పట్టుకుని, ఆ మేజోడు విప్పి తమ్ముడి చేతికిచ్చాడు. రెజ్ దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. అంతే.

ఏమోస్ ఒక కాలికి మేజోడు లేకుండా మెట్టు దగ్గరికి వచ్చాడు. బూట్లు తొడుక్కుని, తాళ్ళు కట్టుకుని, నా చంకల కింద చేతులు వేసి లేపాడు.

"రేపట్నుంచి గంట మోగితే నువ్వు లేవకు. నేను చూసుకుంటాను. రిల్ లేదు, గిల్ లేదు," అన్నాడు. అప్పుడు నా మొహం చూసి కంగారుపడ్డాడు. "ఏడుస్తున్నావేంటి పిల్లా? అంత నొప్పిగా ఉందా?"

"ఆ, తుంటి," అన్నాను. నేనూ ఈ ఊరిదాన్నే కదా.